చెలి ఇంటి గుట్టు – పసిమనసు బరువు



ప్రతి మాసము ఈ పుటలలో ఏదో ఒక స్తోత్రమునకో, ఉపాఖ్యానమునకో అర్థము చెప్పుట నాకు అలవాటు. ఈ మాసము ఆ పని పక్కనుంచి ఇంటి విషయమొకటి వ్రాయుచున్నాను. ఇదియు ధర్మవిచారమే. పిల్లలతో యాత్రకు వచ్చి, ప్రసాదముతోపాటు ఈ పత్రికను చేతబట్టిన తల్లిదండ్రులకు, తాతలకు, అమ్మమ్మలకు ఏదో ఒకనాడు ఇది ఎదురుకాక తప్పదు.

గడచిన కార్తికములో ఒక సోమవారమునాడు ఇంటిల్లిపాదియు నందిగాం నుండి రావివలస వెళ్లి ఎండల మల్లికార్జున స్వామిని సేవించి వచ్చితిమి. ఆ రాత్రి నా మనవరాలు అన్నము ముట్టలేదు. పదకొండేండ్ల పిల్ల, ఆరవ తరగతి. కడుపునొప్పి అన్నది. వాము నీళ్లు ఇచ్చినను తగ్గలేదు. అందరును పడుకొన్న పిదప నా మంచము దగ్గరకు వచ్చి మెల్లగా అడిగినది: "తాతయ్యా, ఎవరికీ చెప్పనని అమ్మతోడు ఒట్టు పెట్టేసినాను. ఇప్పుడు ఆ మాట చెప్పేస్తే అమ్మకి ఏటైనా అయిపోద్దా?"

నలువది ఏండ్లు బడిలో పాఠములు చెప్పితిని. సభలలో ప్రశ్నలకు సమాధానములు చెప్పితిని. ఇంత సూటియైన ధర్మసందేహమును నన్నెవరును అడిగినట్లు జ్ఞాపకము లేదు.

ఆ మాట ఏమని నేను అడుగలేదు. మొదట ఒట్టు సంగతి తేలవలెను. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయములో వ్యవహారముల ప్రసక్తి వచ్చినప్పుడు, మత్తులో ఉన్నవాడు, మతి తప్పినవాడు, ఆపదలో ఉన్నవాడు, బాలుడు మున్నగువారు చేసిన ఒప్పందము చెల్లదని నిర్ణయము కలదు. బాలుడు చేసిన ఒప్పందమే చెల్లనప్పుడు, కన్నతల్లి ప్రాణమును పణముగా ఒడ్డిన ఒట్టు ఎట్లు చెల్లును? తల్లి ప్రాణము తాకట్టు పెట్టుటకు బిడ్డ సొత్తు కాదు. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అని మనవారు నవ్వుచు అనుమాటలో కొంత శాస్త్రము దాగియున్నది. పిల్లను దేవుని గదిలోనికి తీసికొనిపోయి, దీపము ఎదుట కూర్చుండబెట్టి, "ఈ ఒట్టు ఇక్కడితో సరి. అమ్మకు ఏమీ కాదు, నీకూ ఏమీ కాదు" అని నుదుట విభూతి పెట్టితిని. ఆ పిల్ల పెద్దగా ఊపిరి విడిచినది. ఎన్ని దినముల నుండి ఆ ఊపిరి బిగబట్టుకొన్నదో! "చెప్పాలని ఉంటే చెప్పు, లేకపోతే పోయి పడుకో" అంటిని. చెప్పినది.

దాని స్నేహితురాలి తండ్రికి మూత్రపిండములు చెడినవి. వారమునకు రెండుమార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకొనుచున్నాడు. జీడిపప్పు బేరమునకు పోవుచున్నానని ఊరిలో చెప్పుచున్నాడు. ఇంటిలో పెద్దపిల్లకు సంబంధము కుదురుచున్నది. ఆ మాటలు ముగియువరకు ఎవరికిని తెలియరాదని పిల్లలిద్దరికి ఆన పెట్టినారు. రెండవపిల్ల ఆ బరువు మోయలేక నా మనవరాలితో చెప్పుకొని, అమ్మతోడు ఒట్టు వేయించుకొన్నది. ఇంతవరకు బాగుగనే ఉన్నది. ఇంతలో మగపెండ్లివారికి దూరపు చుట్టమైన ఒక ఆమె మా పిల్లను దగ్గరకు పిలిచి, చేతిలో జంతికలు పెట్టి, "మీ నేస్తం వాళ్ల నాన్న ఒంట్లో బాగుంటున్నాడా? నీకు తెలిసే ఉంటాదిలే" అని అడిగినది. మా పిల్ల హోంవర్కు ఉన్నదని చెప్పి పరుగెత్తి వచ్చినదట. నాటి నుండియే కడుపునొప్పి.

దూరప్రాంతముల నుండి వచ్చు యాత్రికులకు మా సీమ సంగతి కొంత చెప్పవలెను. మా నందిగాం టెక్కలికి, పలాసకు నడుమ ఉన్నది. తూర్పున సముద్రమువైపు సాగినచో ఉద్దానము. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని అందురు. పేరునకు తగినట్లు కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండు నేల. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి ఇంటింట చొచ్చుచున్నది. నీటిని, మట్టిని, ఆహారమును, ఎండలో పనిని, ఎన్నిటినో శోధించినారు గాని దీనికి ఇదే మూలమని వైద్యులు నేటికిని తేల్చలేదు. అంటువ్యాధి కాదని మాత్రము నిశ్చయముగా చెప్పినారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వచ్చిన తిత్లీ తుపాను తోటలను నేలకూల్చిన పిమ్మట అప్పులును తోడైనవి. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండముల పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. చికిత్స దగ్గరకు వచ్చినది గాని భయము దూరముగా పోలేదు. యజమానికి ఈ వ్యాధి ఉన్నదని తెలిసిన ఇంటికి సంబంధములు రావు, అప్పు పుట్టదు. అందువలన దాచుదురు. ఒక్కొక్క పర్యాయము నాలుగు గంటలు యంత్రము పక్కన పడుకొని, చేతికి కట్టిన కట్టును చొక్కాచేయితో కప్పుకొని, బస్సు ఎక్కి నవ్వుచు ఇంటికి వచ్చు మనుష్యులు మాలో ఎందరో ఉన్నారు. వారిని అబద్ధీకులనుటకు నాకు నోరు రాదు.

అయితే ఇంటిలో పెద్దలు దాచునదంతయు పిల్లలు చూచుచునే ఉందురు. చూచినది తోటిపిల్లలతో చెప్పుకొందురు. ఒక ఇంటి కష్టము ఇట్లు రెండవ ఇంటి పిల్ల కడుపులో చేరును. ఆ రెండవ ఇంటివారమైన మనము అప్పుడేమి చేయవలెననునదియే నేటి విచారము.

మనవారికి వెంటనే తోచు సామెత "ఇంటిగుట్టు లంకకు చేటు". ఈ సామెతతో పిల్లల నోళ్లు మూయించినవారిలో నేనును ఒకడను. ఆ సంగతి పిదప చెప్పెదను. ముందు రామాయణమున జరిగినదేమో చూడుడు. విభీషణుడు గుట్టు బయటపెట్టుటచేత లంక చెడినదని సామెత భావము. వాల్మీకిని చదివినవారికి కథ అట్లు కనబడదు. హనుమంతుని చంపుమని రావణుడు ఆజ్ఞాపించినప్పుడు దూతను చంపరాదని సభలో అడ్డుపడినవాడు విభీషణుడు. సీతను తిరిగి అప్పగింపుమని అన్నగారి మందిరమునకు పోయి ఏకాంతముగా చెప్పినాడు, నిండుసభలో మరల చెప్పినాడు. రావణుడు పరుషములాడి, ఇట్టివాడు మరియొకడైనచో ఈ క్షణముననే ప్రాణములు కోల్పోయెడివాడని గర్జించిన పిమ్మటనే నలుగురు అనుచరులతో ఆకాశమునకు లేచినాడు. లేచినవాడు ఎచటికి పోయినాడు? లంకలోని అంగళ్లకు పోలేదు. శరణన్నవానిని విడువని రాముని కడకు పోయినాడు. లంకకు చేటు తెచ్చినది రావణుని పాపము. విభీషణుని మాట కాదు.

ఈ కథలో పిల్లలకు నేర్పదగిన క్రమమొకటి ఉన్నది. మొదట ఆ ఇంటివారితోనే మాటలాడుట, అక్కడ ప్రయోజనము లేనిచో కాపాడగలవారిని ఆశ్రయించుట. వీధికి, అంగడికి, బడిలోని ముచ్చట్లకు ఈ క్రమములో చోటు లేదు.

వీధికి చేర్చుటకు మన శాస్త్రములలో పైశున్యమని పేరు. భగవద్గీత పదునారవ అధ్యాయములో దైవీసంపదను లెక్కించునప్పుడు అహింస, సత్యము, అక్రోధము మున్నగువాని వరుసలో అపైశునము కూడ ఉన్నది. ఒకని లోపమును మరియొకనికి బయలుపరచుట పైశున్యమని, అది లేకుండుట అపైశునమని శంకర భగవత్పాదులు వివరించినారు. సత్యమును, అపైశునమును ఒక్క చోటనే చెప్పుటలో విశేషమున్నది. నిజమే గదా అని పరుల గుట్టు విప్పువానికి సత్యము పేరు చెప్పుకొను హక్కు లేదు.

దీనికి కౌశికుని కథ సాక్ష్యము. కర్ణపర్వములో, గాండీవమును నిందించినవానిని చంపెదనను ప్రతిజ్ఞ నెరవేర్చుటకు అర్జునుడు ధర్మరాజుపై కత్తి దూసినప్పుడు శ్రీకృష్ణుడు ఈ కథ చెప్పి ఆపినాడు. నదుల సంగమము దగ్గర కౌశికుడను విప్రుడు ఎల్లప్పుడు నిజమే పలుకు వ్రతముతో ఉండెడివాడు. దొంగలకు జడిసిన జనులు కొందరు ఆ వనములో దాగినారు. దొంగలు వచ్చి, సత్యవ్రతుడవు గదా, వారెటు పోయినారో చెప్పుమన్నారు. ఉన్నది ఉన్నట్లు చెప్పినాడు. దొంగలు వారిని చంపినారు. కౌశికునికి ఆ సత్యమువలన నరకమే ప్రాప్తించినది. అడిగినవాడు ఎవడు, దేనికొరకు అడిగినాడు అని విచారింపక చెప్పిన నిజము ఎంత పని చేయునో చూడుడు.

మా పిల్లకు ఈ కథ చెప్పితిని. "అయితే జంతికలు ఇచ్చిన మామ్మ దొంగా, తాతయ్యా?" అన్నది. కాదమ్మా, ఆమెకు కావలసినది తెలిసికొనుటకు ఆమెకు హక్కు ఉండవచ్చును, పెండ్లి పెద్ద వ్యవహారము, తెలియవలసినవి తెలియవలెను. కాని అడుగవలసినది ఆ పిల్ల తండ్రిని, పదకొండేండ్ల పిల్లను కాదు అంటిని. పిల్లల నోట జంతికలు పెట్టి పెద్దల గుట్టు లాగుట మా ఊళ్లలో ఉన్న చెడ్డ అలవాటు. మీ ఊళ్లలో లేనిచో సంతోషము.

ఇట్టి అడుగుదలకు పిల్ల ఏమి బదులు చెప్పవలెను? అబద్ధమాడుమని నేను చెప్పలేను. నిజము చెప్పుమనియు చెప్పలేను. ఇద్దరము కూర్చుండి ఒక మాట సిద్ధము చేసితిమి: "అది వాళ్లింటి విషయం. వాళ్ల పెద్దవాళ్లను అడగండి." ఇందులో అబద్ధము లేదు, గుట్టును లేదు. రెండు మూడు మార్లు బిగ్గరగా అనిపించితిని. మొదట తల వంచుకొని గొణిగినది. మూడవమారు తల ఎత్తి చెప్పినది. పెద్దలకు ఎదురు చెప్పినట్లగునేమో అని పిల్లలు జంకుదురు. ఈ ఒక్క చోట పెద్దల ప్రశ్నకు సమాధానము చెప్పకుండుట అమర్యాద కాదని ఇంటిలోని పెద్దలే ముందుగా చెప్పియుంచవలెను.

ఇంతవరకు చెప్పినది మూయవలసిన గుట్టును గూర్చి. మూయరాని గుట్టు వేరొకటి ఉన్నది. అక్కడ నేను తప్పినాను.

ముప్పది ఏండ్ల నాటి మాట. ఒక ఉన్నత పాఠశాలలో పండితునిగా ఉంటిని. ఒకనాడు తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు నేను ఒంటరిగా ఉన్న వేళ చూచి వచ్చి నిలుచున్నాడు. "మాస్టారూ, మావోడు రెండు రోజులనుండి ఏటీ తినలేదండి. వాళ్ల నాన్న తాగొచ్చి కొడతన్నాడండి. ఎవరికీ చెప్పొద్దన్నాడండి" అన్నాడు. నేను కాపీలు దిద్దుచుంటిని. తల ఎత్తకయే, "ఒరే, ఇంటిగుట్టు లంకకు చేటు. ఒకరి ఇంటి విషయాలు మనకెందుకు? పోయి చదువుకో" అంటిని. సామెత చెప్పితినని తృప్తి కూడ పడితిని. ఆ పిల్లవాడు వెళ్లిపోయినాడు. మరల ఎన్నడును నాతో ఏమియు చెప్పలేదు. ఆ దెబ్బలు తినుచున్న బాలుడు సంక్రాంతి సెలవుల తరువాత బడికి రాలేదు. ఎవరో మేస్త్రీతో దూరదేశము పనికి పోయినాడని తెలిసినది. తెలివైన బాలుడు, శబ్దమంజరి ఇచ్చిన వారములోనే రామశబ్దము అప్పగించినవాడు. చెప్పవచ్చినవాడు చాడీలు చెప్పుటకు రాలేదు. స్నేహితుని కాపాడుమని వచ్చినాడు. ఆ రెంటికి భేదము కనిపెట్టుట పండితుని పని గదా! నేను కనిపెట్టలేదు. అది నా తప్పు, పాఠశాలది కాదు, సామెతదియు కాదు.

భారతమున ఈ భేదమును ఎరిగినవాడు విదురుడు. దుర్యోధనుడు వారణావతమున లక్కయిల్లు కట్టించి పాండవులను దహింపజూచు సంగతి ఆయన కనిపెట్టినాడు. అది రాజుగారి ఇంటి గుట్టు. తాను ఆ రాజు కొలువులోనివాడు. అయినను ఐదుగురి ప్రాణములు, వారి తల్లి ప్రాణము గుట్టుకంటె పెద్దవి. వారు బయలుదేరునప్పుడు అందరి నడుమను, ఇతరులకు అర్థము కాని భాషలో ధర్మరాజునకు ఒక్కనికే తెలియునట్లు హెచ్చరించినాడు. అంతటితో ఊరకుండక సొరంగము త్రవ్వువానిని పంపినాడు. చెప్పవలసినవానికి మాత్రమే చెప్పుట, చెప్పి చేతులు దులుపుకొనకుండుట, రెండును అక్కడ ఉన్నవి.

కర్ణుని జన్మరహస్యము దీనికి తారుమారు. సంధి విఫలమైన పిదప శ్రీకృష్ణుడు కర్ణుని రథమెక్కించుకొని అతని పుట్టుక చెప్పినాడు. ఈ మాట ధర్మరాజునకు తెలియనీయవద్దని కర్ణుడు కోరినాడు, కృష్ణుడు తెలియనీయలేదు. అది వయస్సు వచ్చినవాడు, తన మేలు కీడు తానెరిగి కోరిన కోరిక. కాని తల్లి కడుపులో ఆ రహస్యము అన్ని ఏండ్లు ఉండిపోయి, యుద్ధము ముగిసి తర్పణములు విడుచువేళ గాని బయటపడలేదు. ఇకమీదట స్త్రీల నోట రహస్యము నిలువకుండుగాక అని ధర్మరాజు శపించినాడు. ఈ శాపమును మగవారు ముచ్చటగా చెప్పుకొందురు. అది స్త్రీలకు తగిలినదో లేదో గాని మా రచ్చబండల మీద కూర్చుండు పురుషులకు మాత్రము తగిలినట్లే కనబడును.

ఏది మూయవలెను, ఏది చెప్పవలెను అని పిల్లలు తమకు తాము నిర్ణయింపలేరు. నా మనవరాలికి ఇట్లు చెప్పితిని. నీ నేస్తము ఇంటిలో రోగమో, అప్పో, అమ్మానాన్నల తగవో, ఉద్యోగము పోవుటయో, అట్టివి వారివి. నీకు బరువనిపించినచో ఇంటిలో ఒక్కరికి చెప్పి తేలికపడవచ్చును, వీధిలో మాత్రము వద్దు. కాని నీ నేస్తమును ఎవరైన కొట్టుచున్నారన్నను, ముట్టరానిచోట ముట్టుచున్నారన్నను, తినుటకు లేదన్నను, చదువు మాన్పించి పనికి పంపుచున్నారన్నను, చిన్నతనముననే పెండ్లి చేయుచున్నారన్నను, "నేను చచ్చిపోతాను" అని నేస్తమే అన్నను, అది గుట్టు కాదు, నిప్పు. ఆ దినమే, ఆ పూటయే మాకు చెప్పవలెను. ఒట్టు ఉన్నను చెప్పవలెను. నేస్తమునకు కోపము వచ్చినను చెప్పవలెను.

చెప్పిన పిదప ఆ బరువు పిల్లది కాదు, మనది. ఇది పెద్దలు మరచు విషయము. బిడ్డలపై లైంగిక అఘాయిత్యము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము విధి. తెలిసి దాచుట నేరము. ఆడపిల్లకు 18 ఏండ్లు, మగపిల్లవానికి 21 ఏండ్లు నిండకుండ పెండ్లి చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నిషిద్ధము. ఆపదలోనున్న పిల్లల కొరకు 1098 అను ఫోను సంఖ్య రాత్రింబవళ్లు పనిచేయును. డబ్బు పడదు. పిల్లలే నేరుగా చేయవచ్చును. చావు మాటలు మాటలాడువారి కొరకు, మనసు కుంగినవారి కొరకు 14416 ఉన్నది, తెలుగులోనే మాటలాడుదురు. ఈ రెండు సంఖ్యలను మా ఇంటి పంచాంగము అట్ట లోపల వ్రాసియుంచితిని. తిథి చూచునప్పుడెల్ల కనబడును.

పిల్లల స్నేహములో మాట ఇచ్చు తీరును కూడ కొంచెము మార్చవచ్చును. "ఎవరికీ, ఎప్పుడూ చెప్పను" అనునది పెద్దలే నిలుపుకొనలేని మాట. దానికి బదులు "ఊళ్లో ఎవరికీ చెప్పను, నిన్ను ఆటపట్టించను. నీకు ప్రమాదం అనిపిస్తే మాత్రం మా అమ్మకు చెప్తాను" అని ముందే చెప్పుట మేలు. ఈ మాట విన్న పిమ్మట గూడ నేస్తము చెప్పుకొన్నదన్నచో, ఎవరైన పెద్దలకు తెలియవలెనని లోలోపల కోరుచున్నదనియే నేను అనుకొందును. ఫోనుల సంగతి నాకు అంతగా తెలియదు. నా కుమారుడు చెప్పిన మాట ఒకటి వ్రాసెదను: స్నేహితుల కష్టము ఏదియు ఫోనులో వ్రాయరాదు, ఫొటో తీయరాదు, తరగతి వాట్సాప్ గుంపులో పెట్టరాదు. నోటి మాట నలుగురిలో ఆగినను ఆగవచ్చును. అది ఆగదు.

ఇక పెద్దల తప్పులు. నిజమునకు పిల్లల నోటి నుండి గుట్టు ఊరిలోనికి పోవుట తక్కువ. పిల్ల తల్లితో చెప్పును. తల్లి "ఎవరితోనూ అనకు వదినా" అనుచు జీడిపిక్కలు ఒలుచుచోట పక్కనున్న ఆమెతో చెప్పును. సాయంకాలమునకు అది పలాస, కాశీబుగ్గ రెంటిని చుట్టివచ్చును. మరునాడు బడిలో ఆ స్నేహితురాలు మన పిల్ల ముఖము చూడదు. పిల్ల నేర్చుకొను పాఠమేమి? అమ్మకు ఏదియు చెప్పరాదని. రేపు తనకే ఆపద వచ్చినను చెప్పదు. జీడిపిక్క కొట్టువారి చేతులకు జీడి అంటినచో బొబ్బలెక్కును. ఒలుచుట తెలిసినవారు చేతులకు ఏదైన పూసికొనియే కూర్చుందురు. పరుల గుట్టు మన చేతికి వచ్చినప్పుడు ఆపాటి జాగ్రత్తయైనను ఉండవలదా?

మరికొందరు ఇంకొక తప్పు చేయుదురు. విన్నంతనే "ఇకమీదట ఆ ఇంటికి పోకు, ఆ పిల్లతో ఆడకు" అందురు. ఉద్దానపు వ్యాధి అంటునది కాదని పైన చెప్పితిని. అప్పును అంటదు. తాగుడున్న ఇంటికి రాత్రివేళ పంపకుండుట వివేకమే, ఆ పిల్లను మన ఇంటికి పిలిచి అన్నము పెట్టవచ్చును గదా! స్నేహమును తెంపినచో, చెప్పుకొనుట వలననే తాను ఒంటరినైతినని ఆ బిడ్డ ఎన్నటికిని చెప్పుకొనదు.

ఆలయములలో వరుసలో నిలుచున్నప్పుడును ఇదే నేను గమనించుదును. అర్చకునితో చెవిలో చెప్పవలసిన కష్టమును కొందరు వినబడునట్లు చెప్పుదురు, వెనుకనున్నవారు చెవులు నిక్కించి విందురు. నాకు మిత్రుడైన ఒక అర్చకుడు అర్ధశతాబ్దముగా ఎందరి రోగములో, ఎందరి వ్యాజ్యములో సంకల్పములో విన్నాడు. వానిలో ఒక్కటియు ఆయన నోట నేను వినలేదు. మా రావివలస స్వామికి పైకప్పు లేదు, ఎండలోనే ఉండును. వానరసేనలోని వైద్యుడు సుషేణుడు అక్కడ తపము చేసినాడని స్థలపురాణము. అందువలన రోగులు ఆయనకు మొక్కుకొందురు. స్వామికి కప్పు అక్కరలేదు గాని రోగియైన మనుష్యునికి కొంత కప్పు కావలెను.

మరల మా ఇంటి సంగతికి వచ్చెదను. మనవరాలు చెప్పినదంతయు విని నేనేమి చేయవలెను? మగపెండ్లివారికి చెప్పుట నా పని కాదు. ఆ పిల్ల తండ్రిని పిలిచి హితము చెప్పుదమన్నచో మనవరాలు మాట తప్పినట్లు ఆ పిల్లకు తెలియును. రెండు దినములు ఊరకుంటిని. మూడవనాడు మనవరాలినే అడిగితిని. అది ఆలోచించి, "నేనే దానికి చెప్పేస్తాను తాతయ్యా, మా తాతయ్యకి చెప్పీసినానని" అన్నది. చెప్పినది. నాలుగు దినములు ఆ పిల్ల మాటలాడలేదు. బడికి వేరువేరుగా పోయినారు. ఆ నాలుగు దినములు మా ఇంటిలో ఎవరికిని సుఖముగా లేదు. తొందరపడితినా అని నేనును తలపోసితిని.

ఐదవనాడు సాయంకాలము ఆ పిల్ల తల్లియే వచ్చినది. అరుగు మీద కూర్చుండి చాలసేపు ఏమియు మాటలాడలేదు. పిదప, "పంతులుగారూ, దాచి దాచి అలిసిపోయాను. పిల్లల చేత కూడా దాయించాను" అని కన్నీరు పెట్టుకొన్నది. నేను శాస్త్రమేమియు చెప్పలేదు. పిల్ల పెండ్లి పిల్ల గుణమును బట్టి జరుగవలెను గాని తండ్రి రోగము దాగుటను బట్టి జరుగరాదని నా అభిప్రాయము అడిగినందున చెప్పితిని. వెనుక తెలిసినచో ఆ కోపమును అత్తవారింట భరించవలసినది ఆ పిల్లయే గదా అంటిని. ఏమి చేయవలెనో వారు ఇంటిలో మాటలాడుకొన్నారు. ఆ సంబంధము కుదిరినదా లేదా అని మీరు నన్ను అడుగవద్దు. అది వారింటి విషయము. వారి పెద్దలను అడుగవలెను.

పిల్లలిద్దరును మరల కలిసి బడికి పోవుచున్నారు.

ఈ వ్యాసము వ్రాయబూనినప్పుడు మనవరాలు ఒక ప్రశ్న వేసినది: "వీధిలో చెప్పకూడదని నాకు చెప్పి, నువ్వు పుస్తకంలో అచ్చేయిస్తావా?" సమాధానము తోచక వ్రాత ఆపితిని. పిదప ఆ తల్లి దగ్గరకు పోయి అడిగితిని. ఇట్టి ఇండ్లు ఉద్దానములో ఎన్నియో ఉన్నవి, వ్రాయుడు అన్నది. గుర్తుపట్టుటకు వీలులేకుండ వరుసలు, వయస్సులు, ఊరు కొంత మార్చి వ్రాసి, ఆమెకు, పిల్లలిద్దరికి చదివి వినిపించితిని. తల్లి అంగీకరించినది. రెండవపిల్ల ఒక వాక్యము మాత్రము తీసివేయుమన్నది. తీసివేసితిని.